ఆరక్షరాలకు ఒక గరిటె

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా ఒంటికి పడదు. నేను వరద అన్నచోట మీరు తుంపర అని చదువుకోండి. పాము అన్నచోట వానపాము అనుకోండి. మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచి నా మాటల్ని ఇలాగే వడబోసుకుని కాపురం చేస్తున్నది, ఆమెకేమీ తక్కువ కాలేదు. అయితే ఒక్క మనవి. వంకాయ కూర దగ్గరికి వచ్చేసరికి మాత్రం దయచేసి వడబోయకండి. నేను ఎంత సాగదీసినా అందని ఎత్తులో ఉండేది దాని కంపు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం సూర్యాపేటలో మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. గోంగూర పప్పు, వేయించిన చల్ల మిరపకాయలు, ముద్ద మీద నెయ్యి. మా బిడ్డ కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడమచేత్తో ఫోన్ గీకుతున్నది. ఈ మధ్య లోకమంతా ఆడుతున్న ఆట అట అది. ఖాళీ గళ్లు కనిపిస్తాయి, ఫలానా అక్షరాలు ఉండాలంటుంది, ఆ కొలతకు సరిపోయే ఇంగ్లీషు మాట కనిపెట్టాలి.

“డాడీ, ఆరక్షరాల మాట ఒకటి చెప్పు. అండ్ల టీ ఉండాలె, హెచ్ ఉండాలె.”

నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. గోంగూర వాసన గడప దాటి పారిపోయింది. మురిగిన వంకాయ కంపు, తడి గోనెసంచి కంపు, ముక్కిన తవుడు కంపు, ముగ్గురు చుట్టాల్లా వచ్చి నా ముక్కులో చాప పరుచుకుని కూర్చున్నాయి.

“థ్రెడ్,” అన్నాను. “థర్టీ. హెల్త్. బ్రెత్. ఫోర్త్. ఇగ చాలు, నన్ను అడగకు.” కంచం ముందుకు నెట్టేశాను.

పిల్ల నోరు తెరిచింది. “గిన్ని ఎట్లొస్తున్నయి నీకు? కరెంటు బిల్లు చదవమంటె అద్దాలు లేవంటవు.”

“తిని నేర్చుకున్న బిడ్డా. ఒక్కో మాటకు ఒక్కో గరిటె.”

“ఇగ షురువైంది మీ నాయన వంకాయ పురాణం,” అన్నది మా ఆవిడ నెయ్యి గిన్నె తన దగ్గరికి లాక్కుంటూ. “నువ్వు తిను బిడ్డా. ఇది ఇప్పట్ల ఖతం కాదు.”

కాదు మరి. కడుపులో పడ్డది కొన్ని గంటల్లో అరుగుతుంది. ముక్కులో పడ్డది అరగదు.

మాది మిర్యాలగూడ. మా నాయిన ఒక బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు నానబెట్టి ఉడికించే మిల్లు. నానిన వడ్ల వాసన ఎలా ఉంటుందో మిర్యాలగూడ వాళ్లను అడిగి లాభం లేదు, వాళ్లకు అది వాసన కాదు, గాలి. బయటి నుంచి వచ్చిన చుట్టాలు మాత్రం బస్సు దిగగానే చెప్పుల కిందకు చూసుకునేవాళ్లు, దేన్నైనా తొక్కామేమోనని. ఆ ఆవిరిలో బతికి బతికి మా నాయినకు ముక్కు చచ్చిపోయిందని మా అమ్మ అనేది. పాలు విరిగినా, చేప కుళ్లినా ఆయనకు తెలిసేది కాదు. “నీ ముక్కు మొఖానికి అందం కోసమేనా?” అని అడిగితే, “అదన్న ఉన్నదిగద,” అనేవాడు.

ఆ ముక్కుకు తెలియకపోయినా మనిషికి ఒక సంగతి తెలుసు. బాయిలర్ దగ్గర నిలబడేవాళ్లు వేరు, లోపల ఫ్యాను కింద కుర్చీలో కూర్చునేవాళ్లు వేరు. వాళ్ల మధ్య ఉన్న గోడ పేరు ఇంగ్లీషు.

“ఇంగ్లీషు వస్తె కుర్సీల కూసుంటవు. రాకుంటె నా లెక్క బాయిలర్ కాడ నిలవడతవు. సూసుకో,” అని ఒకనాడు నా ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని కోదాడ బస్సెక్కించాడు.

కోదాడలో ఆ హాస్టలు ఇప్పుడు లేదు. ఆ జాగాలో ఏదో ఫంక్షన్ హాలు కట్టారట. అక్కడ పెళ్లి చేసుకున్నవాళ్ల మీద నాకు మొదటి నుంచీ జాలి. మా కాలంలో అది పాత ధాన్యం గోదాము. వడ్లు ఖాళీ అయ్యాయి, ఎలుకలు ఖాళీ చేయలేదు. అవి మాకంటే సీనియర్లు. మేం పడుకునే చోటు వాటి దారి, మేమే అడ్డం. వానకాలం కావడంతో మూలన పడేసిన గోనెసంచులు నాని, ముక్కి, బూజు పట్టి, వాటిలోంచి పుట్టగొడుగులు గొడుగులు పట్టుకుని బయటికి వచ్చేవి.

అన్నిటికీ వార్డెన్ సారు ఒక్కరే. కోదాడ మనిషి, సన్నగా, పొడుగ్గా, నిలబెట్టిన కొలబద్దలాగా ఉండేవాడు. ఆయనే ఇంగ్లీషు చెప్పేవాడు, వంటవాడు మానేశాక ఆయనే వండేవాడు. చెడ్డవాడేమీ కాదు. ఆయనకు రెండు నమ్మకాలు ఉండేవి. ఒకటి, ఇంగ్లీషు మాట నోటికి రావాలంటే కడుపు ఆకలిగా ఉండాలి. రెండు, తన వంకాయ కూరలాంటి కూర భూమి మీద లేదు. ఈ రెండో మాట నిజమే.

సాయంత్రం అంగడి ఎత్తేసే వేళకు సంచి పట్టుకుని వెళ్లేవాడు. పొద్దుటి నుంచి నలుగురూ నొక్కి చూసి వదిలేసినవి, పుచ్చులు, ముడతలు పడ్డవి, రంగు మారినవి అన్నీ ఆ సంచిలోకి వచ్చేవి. కడగడం, కోయడం అనే చాదస్తాలు తక్కువ. నిన్నటి కూర గిన్నెలో మిగిలి ఉంటే దాని మీదే ఇవాళ్టిది పోసేవాడు. ఆ గిన్నె అడుగు ఎవరూ చూడలేదు. అడుగున ఇంకా వడ్ల వ్యాపారం నడిచిన రోజుల నాటి వంకాయ ఉండేదని మా అనుమానం. రంగు, దెబ్బ తగిలి మూడు రోజులైన మోకాలి రంగు. పైన తేలే నూనెలో తెల్లగా, గింజ కంటే కొంచెం పొడుగ్గా, గింజలకు ఉండకూడని తలలతో ఏవో ఉండేవి. హాస్టల్లో ఒక కుక్క ఉండేది. దానికి ఒకసారి ఆ కూర వేశారు. అది వాసన చూసి, మా అందరి ముఖాలూ ఒకసారి జాలిగా చూసి, బయటికి నడిచి హుజూర్‌నగర్ బస్సెక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇక ఆ హాస్టల్ పద్ధతి చెప్తాను. వంటగది తలుపు పక్కన నల్లబల్ల ఉండేది. దాని మీద రోజూ ఒక అంకె, ఒకటో రెండో అక్షరాలు. ఐదు, ఆర్ అని ఉంటే ఐదక్షరాల మాట, అందులో ఆర్ ఉండాలి. పళ్లెం పట్టుకుని వరుసలో వెళ్లాలి, మాట చెప్పి దాని అక్షరాలు విడివిడిగా పలకాలి. అన్నం అందరికీ. కూర మాత్రం మాట చెప్పినవాడికే. చెప్పలేనివాడికి శిక్ష కింద అన్నంలో ఇంత ఎర్రకారం, దాని మీద చెమ్చాడు నూనె, సగం ఉల్లిగడ్డ.

మొదటి రోజు నేను ఛాతీ విరిచి, “రివర్,” అన్నాను. వార్డెన్ సారు కళ్లు మెరిశాయి. “భేష్. మిర్యాలగూడ నుంచి రత్నం వచ్చిందిరా,” అని గరిటె నిండా తీసి నా పళ్లెంలో వదిలాడు. అది పడలేదు, దిగింది. కాళ్లు చాపుకుని సర్దుకుంది. నేను వరుసలో వచ్చి కూర్చున్నాను. పక్కన తుంగతుర్తి పొట్టోడు. నాకంటే ఏడాది ముందు వచ్చినవాడు, తల నా భుజానికి కూడా అందదు, తెలివి మాత్రం గోదాము కప్పు తాకేది. వాడి పళ్లెంలో ఎర్రటి కారం అన్నం, నూనె మెరుపు. ఉల్లిగడ్డ కరకరమని నములుతున్నాడు.

“ఎందుకు చెప్పినవ్‌రా,” అన్నాడు నా పళ్లెం వైపు చూడకుండా.

“వచ్చింది, చెప్పిన.”

“వచ్చినా చెప్పొద్దు. గీడ సదువు వచ్చినోడు సస్తడు, రానోడు బతుకుతడు. అటు చూడు.”

చూశాను. వరుస పొడవునా అన్ని పళ్లేలూ ఎర్రగా ఉన్నాయి. ఊదారంగు పళ్లెం నా ఒక్కడిదే. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అది నాలుక మీద పాకింది. కథ కోసం అనడం లేదు, పాకింది. నేను గోదాము వెనక్కు పరుగెత్తాను. నాకంటే ముందు అక్కడికి పరుగెత్తిన తరతరాల రత్నాల ఆనవాళ్లు ఆ గోడ మీద ఉన్నాయి.

మరునాటి నుంచి నాకూ ఇంగ్లీషు రాదు.

అయితే రాకపోవడం మీరు అనుకున్నంత సులువు కాదు. తల గోక్కోవాలి, పైకి చూడాలి, పెదవులు కదపాలి, చివరికి ఏదో ఒక తప్పు మాట చెప్పాలి, లేకపోతే సారుకు అనుమానం వస్తుంది. ఆ తప్పు పొరపాటున ఒప్పైతే ప్రాణం మీదికి వస్తుంది. త్రిపురారం పిల్లవాడు ఒకడు ఐదక్షరాలు, ఓ అని ఉన్న రోజున నోటికి వచ్చినట్టు “ఏ, బీ, ఓ, యూ, టీ” అన్నాడు. అది మాటేనట. వాడికి అర్థం తెలియదు, గరిటె మాత్రం తెలిసింది.

ఆ రోజు నుంచి పొట్టోడు మాకు గోదాము వెనక పాఠం పెట్టాడు. వార్డెన్ సారు పాత డిక్షనరీ ఒకటి ఎలుకలు సగం తిని వదిలేసింది ఉంటే, దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆనాటి బల్ల మీది అక్షరాలతో ఒప్పు మాటలన్నీ వెతికి, మా చేత వల్లె వేయించేవాడు.

“ఇవి అస్సలు అనొద్దు. మల్ల చెప్పుండ్రి. ఏమేం అనొద్దు?”

“టైగర్ అనొద్దు. ట్రెయిన్ అనొద్దు. పేపర్ అనొద్దు.”

“వాటర్?”

“అనొద్దు.”

ఇంత శ్రద్ధగా చదివిన పిల్లల్ని నేను మళ్లీ చూడలేదు. డిక్షనరీలో ఎలుకలు మిగిల్చినదంతా మా నోటి చివర ఉండేది, పళ్ల వెనకాల తాళం వేసి. పాపం వార్డెన్ సారు చిక్కిపోయాడు. ఐదక్షరాల నుంచి నాలుగుకు దిగాడు, నాలుగు నుంచి మూడుకు దిగాడు. మూడు, ఏ అని రాసి, బల్ల పక్కన పిల్లిబొమ్మ కూడా గీశాడు. వరుస మొత్తం ఆ పిల్లిని చూసి తల గోక్కుంది. “కుక్క సార్?” అన్నాడు పొట్టోడు వినయంగా. సారు గరిటె పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు.

చివరికి ఆయన అందరి ఇళ్లకూ కార్డు ముక్కలు రాశాడు. మావాళ్లకు వచ్చినదాంట్లో, మీవాడి తలలో మట్టి ఉంది, వచ్చి చూసుకోండి అని ఉందట. మిల్లులో కుర్చీలో కూర్చునే మనిషి చేత మా నాయిన దాన్ని చదివించుకున్నాడు.

ఆదివారం ఆయన వస్తున్నాడని తెలిసి నాకు పండగైంది. పొట్టోడు నా పెట్టె తనే సర్దాడు.

“నోరు మూసుకొని కూసో. ఒక్క మాట తెల్వదను. సాయంత్రానికి ఇంట్ల ఉంటవు, మీ అమ్మ చేతి బువ్వ తింటవు.”

“మరి బాయిలర్ కాడ నిలబెడితె?”

“బాయిలర్ల వంకాయ ఉడకబెట్టరుగద,” అన్నాడు వాడు. నేను పెట్టె తీసుకెళ్లి తలుపు పక్కన పెట్టాను.

నాయిన పెళ్లిళ్లకు వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. వార్డెన్ సారు మర్యాదగా వరుసలోనే నా పక్కన చాప వేసి కూర్చోబెట్టాడు. అతిథి కదా, తన ఇంటి నుంచి తెప్పించిన పెరుగన్నం, అప్పడం ఆయన ముందు పెట్టించాడు. నా ముందు ఒట్టి అన్నం. చేతిలో గరిటె, కాళ్ల దగ్గర ఆ గిన్నె పెట్టుకుని సారు మా ఎదురుగా నిలబడ్డాడు.

“మీరే వినండి. ఇవాళ ఆరక్షరాలు. టీ, హెచ్ రెండూ ఉండాలి. ఏదో ఒక్క మాట. చెప్పరా.”

పొద్దుటి పాఠంలో వల్లె వేసిన మాటలన్నీ పళ్ల వెనక తోసుకుంటున్నాయి. నేను పైకి చూశాను. తల గోక్కున్నాను. పెదవులు కదిపాను. అంతకంటే బాగా ఇంగ్లీషు రానట్టు ఉండడం ఎవరి తరమూ కాదు.

“చూశారా,” అన్నాడు సారు. “వీడికి రాదండీ. రానివాడిని ఉంచుకుని నేనేం చేయను? తీసుకెళ్లి ఏదన్నా పనిలో పెట్టుకోండి.”

నేను కోరుకున్నది అదే. పెట్టె తలుపు పక్కనే ఉంది. మా నాయిన పెరుగన్నం ముట్టలేదు. రెండు చేతులూ మోకాళ్లకు తుడుచుకున్నాడు. ఆవిరి కొట్టి కొట్టి తోలు లేచిన చేతులు.

“సార్, ఇంటికాడ మంచిగనే చెప్తుండె సార్. జర ఇంకొక్కపారి అడుగుండ్రి. నన్ను చూసి భయపడ్డట్టున్నడు.”

ఎలుకలు కూడా ఆగి విన్నాయి. మా నాయిన ఎవరినైనా ఏదైనా అడగడం నేను అంతకు ముందు చూడలేదు. మిల్లులో తాగే నీళ్లు కూడా అడగకుండా ఇంటి నుంచి తీసుకెళ్లే మనిషి.

“ఫాదర్,” అంది నా నోరు. నేను అనలేదు, నోరు అంది. “ఎఫ్, ఏ, టీ, హెచ్, ఈ, ఆర్.”

పక్కన పొట్టోడు కళ్లు మూసుకున్నాడు. గరిటె దిగింది.

“ఏమన్నడు సార్?” అన్నాడు నాయిన.

“తండ్రి అన్నాడండీ.”

“నన్నేనా?” నాయిన నా వైపు తిరిగాడు. “ఇంకొకటి చెప్పు బిడ్డా.”

“మదర్.” గరిటె.

“ఇంకొకటి.”

“థ్రోట్.” గరిటె. “హెల్త్. బ్రెత్. థర్టీ. వెయిట్. హైట్.” పళ్ల వెనక తాళం ఊడిపోయింది. వానకాలమంతా అనకూడదని నేర్చుకున్న మాటలన్నీ గేట్లెత్తిన కాలువలా వచ్చాయి. ప్రతి మాటకూ సారు గరిటె వంచుతూనే ఉన్నాడు. నా పళ్లెంలో కొండ లేచింది. ఆ కొండ మీద తెల్లటి గింజల్లాంటివి అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆ కంపుకు నా కళ్లలో నీళ్లు కారుతుంటే మా నాయిన అవి ఆనందబాష్పాలనుకున్నాడు.

“ఫిల్తీ,” అన్నాను కొండను చూస్తూ. “స్టెంచ్.”

“ఆహా,” అన్నాడు సారు. “ఫిల్తీ అంటే మురికి అండీ. స్టెంచ్ అంటే కంపు. పెద్ద క్లాసు పిల్లలకు కూడా రావు ఈ మాటలు.”

“గసొంటియి గూడ ఇంగ్లీషుల ఉంటయా?” అన్నాడు మా నాయిన నమ్మలేక.

తర్వాత నేను ఆ కొండ మొత్తం తిన్నాను. మెతుకు మిగల్చలేదు. నాయిన సంతోషంగా మిర్యాలగూడ వెళ్లిపోయాడు, నేను మూడేళ్లు అక్కడే ఉండి గరిటె గరిటెకూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఇదీ మా ఇంట్లో ఏళ్ల తరబడి నేను చెప్తూ వచ్చిన వంకాయ పురాణం. మొన్న మా బిడ్డకూ ఇక్కడి దాకానే చెప్పాను. “ఛీ డాడీ,” అని మెచ్చుకుంది.

ఇందులో నేను కల్పించింది ఏదో ఇప్పుడు చెప్తాను. కుక్క బస్సెక్కిందన్నది మీ ఇష్టం. కూరలో ఉన్నవి నడిచాయన్నది అక్షరాలా నిజం. అబద్ధం చివరి ముక్క. ఆ కొండను తిన్నది నేను కాదు.

వార్డెన్ సారు అన్నం తేవడానికి లోపలికి వెళ్లాడు. మా నాయిన నా ముఖం చూశాడు. నేను తినకుండా కూర్చుని ఉండడం చూసి, వేలితో ఇంత కూర తీసి నోట్లో పెట్టుకున్నాడు. ముక్కు చచ్చిన మనిషి. అయినా దవడ ఆగిపోయింది. మెల్లగా వరుస మొత్తం చూశాడు. ఎర్రటి పళ్లేలు, ఎర్రటి పళ్లేలు, నా ఒక్కడి పళ్లెం. అంతా అర్థమైంది ఆయనకు. తన పెరుగన్నం నా ముందుకు జరిపి, నా పళ్లెం తన ముందుకు లాక్కున్నాడు.

“వద్దు నాయినా. ఎనకకు పోయి పారబోద్దాం.”

“అన్నం పారబోస్తార్రా? వడ్లు ఉడకబెట్టి బతికెటోళ్లం. నువ్వు తిను.”

తల వంచుకుని తినేశాడు. తిరిగొచ్చిన సారు ఖాళీ పళ్లెం ఆయన ముందు చూసి పొంగిపోయాడు. “మీకు నచ్చిందన్నమాట. నాకు తెలుసండీ,” అని ఇంకో గరిటె వేశాడు. అదీ తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చి, నా పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు.

“మీరన్నదే నిజం సార్. మావోనికి సదువు రాదు. తీస్కపోత.”

పొట్టోడు నాకు కనుసైగ చేశాడు. వాడు ఇప్పుడు ఎక్కడో ఇంగ్లీషు మాస్టరట, నమ్మకపోతే మానేయండి. నన్ను బాయిలర్ దగ్గర నిలబెట్టలేదు మా నాయిన, మా వీధి బడిలోనే వేశాడు. నేను ఆ హాస్టల్లో ఉన్నది ఒక్క వానకాలమే. తిన్న గొప్ప ఆయనది, ఇన్నేళ్లూ నేను కొట్టేశాను.

హుజూర్‌నగర్‌లో బస్సు ఆగినప్పుడు ఆయన దిగి గోడ వెనక్కు వెళ్లాడు. చాలాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“ఆఖరుకు ఏదో చెప్పినవు సూడు, కంపును ఏమంటరు?”

“స్టెంచ్.”

“స్టెంచి,” అన్నాడు. మిర్యాలగూడ వచ్చేదాకా లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాడు, స్టెంచి, స్టెంచి అని. బతికినన్నాళ్లూ ఆయనకు వచ్చిన ఇంగ్లీషు మాటలు రెండే. ఒకటి ఆ కూర. ఒకటి ఆయనే.